కాణిపాకం దాకా సొంత కాళ్ళ మీద

మా సిద్ధమ్మత్తకు తొడ ఎముక విరిగిన సంగతి ఊరందరికీ తెలుసు. ఎలా విరిగిందో ఇద్దరికే తెలుసు. ఒకరు ఆమె, రెండోవాడు దామోదరం.

సిద్ధమ్మత్త మా నాయనకు అక్క. చంద్రగిరి దాటి పడమరగా పోతే వచ్చే ఒక పల్లెకు ఆమెను ఇచ్చారు. పిల్లలు పుట్టలేదు. మొగుడు పోయాక పుట్టింటికి రమ్మని మా నాయన ఎంత పిలిచినా రాలేదు. తన వాటాకు వచ్చిన కయ్యలు, అంటే మడిచెక్కలు, తనే చేసుకుంటూ అక్కడే ఉండిపోయింది. ఆమె నోరు కూడా అంత మంచిదేమీ కాదులెండి, ఉన్నమాట చెప్పాలి కదా. దామోదరం ఆమె బావగారి కొడుకు. రెండిళ్ళకూ కలిపి ఒకటే బావి, ఒకటే మోటారు. ఒకరోజు వాళ్ళ వంతు, మర్నాడు ఈమె వంతు.

నేను చెప్పేది తొంభై ఎనిమిది నాటి మాట. అప్పుడు నేను తిరుపతిలో ఆటో తోలేవాడిని. ఆ ఎండాకాలం బావిలో నీళ్ళు అడుక్కు పోయాయి. మోటారు కాసేపు పోసి ఆగిపోయేది. అత్త వంతు వచ్చిన రోజున దామోదరం పొద్దున్నే మోటారు వేసి నీళ్ళన్నీ తన చెరుకు తోటకు మళ్ళించుకున్నాడు. అత్త పార భుజానేసుకుని పోయి కాలవకు మట్టి అడ్డం వేయబోయింది. వాడు పార పట్టుకుని లాగాడు. ఈమె వదల్లేదు. డెబ్బై దాటిన మనిషి అని కూడా చూడకుండా వాడు ఒక్క తోపు తోశాడు. మోటారు తొట్టి పక్కన పరిచిన బండల మీద అత్త పక్కకు పడింది. లోపల ఎండుకట్టె విరిగినట్టు సద్దు తనకే వినిపించిందట.

దామోదరం అప్పుడు చేసిన పని చూడండి. నలుగురూ వచ్చేలా కేకలు వేశాడు. పాచి మీద కాలు జారిందన్నాడు. ట్రాక్టర్ ట్రాలీలో గడ్డి పరిచి, అత్తను రెండు చేతులా ఎత్తి పడుకోబెట్టి, తల తన ఒడిలో పెట్టుకుని, ఏడుస్తూ ఎముకల కట్టు కట్టే పెద్దాయన దగ్గరికి తీసుకుపోయాడు. మా జిల్లాలో ఎముక విరిగితే ముందు ఆకు పసరుకూ వెదురుబద్దల కట్టుకూ పోతాం. ఆ తర్వాతే ఆసుపత్రి. కాబట్టి ఎవరూ తప్పు పట్టలేదు. సాయంత్రానికి కట్టుతో తిరిగి తెచ్చి ఇంట్లో మంచం మీద వేశాడు. మూడు వారాలు కదలకుండా ఉంటే అతుక్కుంటుందని పెద్దాయన చెప్పాడన్నాడు. ఊళ్ళో ఆడవాళ్ళందరూ ఒకటే మాట. కన్నకొడుకు కూడా అట్లా చేయడని.

నాకు కబురు ఆలస్యంగా అందింది. పోయేసరికి అత్త గోడవైపు చూస్తూ పడుకుని ఉంది. ఆమె తోడికోడలు, అంటే దామోదరం తల్లి ఆనందమ్మ, గిన్నెలో గంజి పట్టుకుని కూర్చుంది.

"అత్తా, ఎట్లుండాది?" అన్నాను.

"నన్ను అడగబాకు. వాడు ఎట్లుండాడని అడుగు. ఊర్లో దేముడైపోయినాడంట గదా."

"ఎవురు?"

"ఇంగెవురు, దామోదరం. తోసినోడూ వాడే, ఎత్తుకున్నోడూ వాడే. తోసింది ఎవురూ సూళ్ళేదు. ఎత్తుకున్నిది ఊరంతా సూసినారు."

ఆనందమ్మ గిన్నె కింద పెట్టింది. "జరం మీద ఏందేందో అంటాండాది నాయనా. పట్టించుకోబాక. నా కొడుకు ఆ పొద్దంతా పచ్చి మంచినీళ్ళు ముట్టల్యా."

"జరం కాదక్కా. తెలివిగానే ఉండా. నీ కొడుకు నన్ను తోసినాడు."

"సరేలే, గంజి తాగు," అంది ఆనందమ్మ, చిన్నపిల్లతో అన్నట్టు.

దుప్పటి తీసి కాళ్ళు చూశాను. విరిగిన కాలు రెండోదానికంటే పొట్టిగా ఉంది. పాదం పూర్తిగా బయటికి వాలిపోయి పరుపు మీద పడి ఉంది. నేను పెద్దగా చదువుకోలేదు, కానీ అది అతుక్కునే కాలులా లేదని నాకే అనిపించింది. కోపం వచ్చింది. ఆటో తీసుకుని కట్టు కట్టిన పెద్దాయన మీదికి గొడవకు పోయాను.

ఆయన వసారాలో ఒక పిల్లవాడి మోచేతికి పసరు రాస్తున్నాడు. నేను అరిచిందంతా విని, తుండుకు చేతులు తుడుచుకుని చెప్పాడు.

"కూకో అప్పా. ఆ యమ్మకి ఇరిగింది తుంటి కాడ. పాదం బయటికి తిరిగినప్పుడే తెలిసిపాయ నాకు. అది నా కట్టుకి అతికేది కాదు. దోవలో కదలకుండా బద్దలు కట్టి, ఈ పొద్దే తిరపతికి పిలుసుకోనిపో, ఆపరేసన్ సెయ్యల్ల అని సెప్తిని. ఆ పిల్లోడు సరే అనె."

"ఏ పిల్లోడు?"

"ఆమె కొడుకే గదా. పాపం, శానా ఏడ్సినాడు."

నేను లేచి నిలబడ్డాను. తోసింది కోపంలో అనుకోవచ్చు. ఇది అలా కాదు.

అత్తను ఆ రోజే తిరుపతికి తెచ్చాను. మాకు తెలిసినాయన ద్వారా రఘునాథ్ అనే ఎముకల డాక్టరు ఆసుపత్రిలో చేర్చాను. ఎక్స్‌రే తీసి ఆయన నన్నూ అత్తనూ కూడా చూడమన్నాడు.

"ఇదిగో, తొడ ఎముకకి పైన గుండు ఉంటుంది. ఇది మెడ. ఈ మెడ దగ్గర విరిగింది. గుండుకి రక్తం ఈ మెడమీంచే పోవాల. వెంటనే తెచ్చుంటే స్క్రూలు వేసి చూసేవాణ్ణి. ఇన్ని రోజులైంది కాబట్టి ఆ గుండు బతకదు. అది తీసేసి స్టీలు గుండు పెట్టాల. పెడితే నడుస్తావు పెద్దమ్మా."

"పెట్టకపోతే?"

"మంచమే. మంచంలో ఉంటే ఒళ్ళు పుండ్లు పడతాది, ఊపిరికి నెమ్ము చేరతాది. ఈ వయసులో విరిగిన ఎముక కన్నా మంచమే ఎక్కువ మందిని చంపేది."

అత్త ఎక్స్‌రే వైపు కాసేపు చూసింది. "వొద్దు సామీ. నన్ను కాల్చినాక ఎముకలేరే పొద్దు ఇనప గుండు దొరికితే నా అత్తగారోళ్ళు నవ్వరా. బతికింది సాలు. ఇంటికి తోలేయ్."

నేను బతిమాలాను. మా ఆవిడ బతిమాలింది. వినలేదు. కట్టు కట్టిన పెద్దాయన అన్న మాట అప్పటిదాకా ఆమెకు చెప్పలేదు. ఇంక దాచి లాభం లేదని చెప్పేశాను. అత్త ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. తలగడ సరిచేయమంది.

"సిన్నబ్బన్నను పిలిపించు. వాణ్ణి కూడా రమ్మను. ఈడికే."

చిన్నబ్బ వాళ్ళ ఊరి పెద్ద. పొలం తగువులన్నీ ఆయన ముందే తీరతాయి. రెండో రోజుకు ఆయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. వెనకాల దామోదరం, చేతిలో బత్తాయిల సంచితో.

"సిన్నమ్మా, ఎట్లుండావు? నేను రోజూ అనుకుంటానే ఉండా," అన్నాడు వాడు.

అత్త వాడి వైపు చూడలేదు. "సిన్నబ్బన్నా, నీ ముందర అడగతాండా. వీడు నన్ను తోసినాడు. ఆపరేసన్‌కి పిలుసుకోనిపో అని కట్టు కట్టినాయన సెప్తే, ఆ మాట దాసిపెట్టి నన్ను ఇంట్లో పారేసినాడు. సూసినోళ్ళు లేరు. కాదంటే కాణిపాకంలో కర్పూరం ఆర్పమను."

గదిలో ఉన్న మిగతా రోగుల చుట్టాలు కూడా మాటలాపి ఇటు తిరిగారు. బయటి ఊళ్ళవాళ్ళకు ఇది అర్థం కాకపోవచ్చు. మా చిత్తూరు జిల్లాలో కాణిపాకం ప్రమాణం అంటే ఆషామాషీ కాదు. కోర్టులో బోనెక్కి ధైర్యంగా అబద్ధం చెప్పే మనిషి కూడా వినాయకుడి ముందు తలస్నానం చేసి తడిబట్టతో నిలబడి, మండే కర్పూరం చేత్తో ఆర్పి అబద్ధం చెప్పమంటే వెనక్కి తగ్గుతాడు. చెబితే వంశం నిలవదని నమ్మకం. నాకూ నమ్మకమే.

దామోదరం ముఖం ఒక్క క్షణం నల్లబడింది. తర్వాత వాడి చూపు అత్త కాలి మీదికి పోయింది. దుప్పటి కింద పాదం ఇంకా అలానే బయటికి వాలి ఉంది. దాన్ని చూసి కుదుటపడ్డాడు.

"నేను రెడీ పెద్దాయనా. నింద పడినాక ఎనక్కి పోతానా. అయితే పిలిసినోళ్ళు ఎదురుగా నిలబడల్ల గదా, అది మనూరి కట్టుబాటే. సిన్నమ్మ తన కాళ్ళ మీద నడిసొచ్చి, తన చేత్తో కర్పూరం ఎలిగించల్ల. ఎత్తుకోనొస్తే సెల్లదు. అదీ వినాయక చవితి లోపల. రాకపోతే ఇంగ ఈ మాట ఊర్లో ఎవురూ ఎత్తగూడదు."

"ఏందిరా, ఇరిగిన మనిషికి ఆ షరతు?" అన్నాను నేను.

"నువ్వు పక్కూరోడివి, నువ్వు మాట్లాడబాకు," అన్నాడు.

చిన్నబ్బ గడ్డం గోక్కున్నాడు. కట్టుబాటు అయితే నిజమే. "ఏమ్మా సిద్ధమ్మా, ఏమంటావు?"

"సరే అన్నా. అట్లే కానీ."

ఇద్దరూ పోయారు. మా వైపు తుంటి విరిగిన ముసలివాళ్ళు మళ్ళీ లేచి నడవడం అప్పటికి మేమెవరమూ చూసి ఎరగం. దామోదరానికి ఆ లెక్క తెలుసు. వాడి అడుగుల చప్పుడు మెట్ల మీద తగ్గిపోయేదాకా అత్త విని, నన్ను పిలిచింది.

"అల్లుడా, డాక్టరు సామిని రమ్మను."

"ఎందుకత్తా?"

"కొయ్యమను."

రఘునాథ్ డాక్టరు వచ్చి మళ్ళీ మొదటినుంచి చెప్పాడు. షుగరు ఉంది, ఛాతీలో కొంచెం నెమ్ము చేరింది, ముందు అవి తగ్గించాలి, అయినా ఈ వయసులో గుండె తట్టుకోకపోవచ్చు అన్నాడు. భయపెట్టడానికి కాదు, చెప్పడం తన ధర్మం అన్నాడు.

"సామీ, సావాల్సొస్తే కాణిపాకం పోయొచ్చి సస్తా. నువ్వు నీ పని చూడు," అంది అత్త.

ఆయన నన్ను పక్కకు పిలిచి కాణిపాకంలో మొక్కుందా అని అడిగాడు. ఉంది సార్ అన్నాను. అంతకంటే ఏం చెబుతాను.

ఆపరేషన్‌కు నడుముకు సూది వేశారు. కింద భాగం మాత్రమే మొద్దుబారింది, మనిషి తెలివిగానే ఉంది. ముందర అడ్డంగా పచ్చగుడ్డ కట్టారు కాబట్టి ఏం చేస్తున్నారో కనిపించలేదు కానీ, సద్దులన్నీ వినిపించాయట. పాత గుండు తీసేసి కొత్తదాని కాడను ఎముకలోకి దింపేటప్పుడు సుత్తితో కొడతారు. ఆ దెబ్బలకు మంచమంతా అదిరిందని బయటికొచ్చాక చెప్పింది.

"భయపడ్డావా అత్తా?"

"భయమెందుకు. దెబ్బ దెబ్బకీ వాడి పేరు అనుకుంటిని. అప్పుడప్పుడు డాక్టరు సామి ఆపేస్తే, ఇంగా కొట్టు సామీ అంటిని."

ఆసుపత్రిలో నడక నేర్పే అమ్మాయి పేరు రుహీ. తిరుపతిలోనే పుట్టి పెరిగిన పిల్ల. సన్నగా, వెదురుపుల్లలా ఉంటుంది, గొంతు మాత్రం బస్టాండులో కండక్టరు గొంతు. కుట్లు ఇంకా పచ్చిగా ఉండగానే వచ్చి లేవమంది.

"అవ్వా, లే. నిలబడాల."

"నీకేమైనా పిచ్చా పాపా? కోసి ఒక పూటే అయింది."

"నిలబడేదానికే కోసింది అవ్వా. పడుకునేదానికైతే కొయ్యకనే పడుకోవచ్చు కదా."

వాకర్ పట్టించి నిలబెట్టింది. అత్త ముఖం బూడిదరంగు అయింది. రెండోరోజు మూడడుగులు వేసి ఇంక చాలంది.

"ఆ తలుపు దాకా రా అవ్వా."

"తలుపు కాడ ఏముండాది?"

"ఏమీ లేదు."

"ఏమీ లేనిదానికి నేనెందుకు నడవల్ల?"

రుహీ నా దగ్గరికొచ్చి, నిద్రలో కూడా అవ్వ తిడుతోంది, ఎవరీ దామోదరం అని అడిగింది. చెప్పాను. అంతా శ్రద్ధగా విని, దుపట్టా నడుముకు బిగించుకుని మళ్ళీ లోపలికి పోయింది.

"అవ్వా, తలుపు కాడ దామోదరం నిలబడుకోనుండాడు."

అత్త తలెత్తింది. పిల్ల ఆట అని తెలుసు. అయినా వాకర్ ముందుకు జరిపింది.

"నవ్వతాండాడవ్వా. రాలేదులే ఈ ముసల్ది అంటాండాడు."

ఇంకో అడుగు పడింది. పళ్ళు బిగపట్టింది.

"ఎనక్కి పోతాండాడు. బిరీన రా, పోతాండాడు."

తలుపు దాటి వరండా చివరిదాకా నడిపించింది. అక్కడ గోడకు ఆనుకుని అత్త ఆయాసపడుతూ, "పాపా, రేపు వాడి పెండ్లాన్ని కూడా నిలబెట్టు," అంది. ఆ వార్డులో అందరూ నవ్వారు. అప్పట్నుంచి వేరే రోగులు కూడా తమ శత్రువుల పేర్లు రుహీకి చెప్పడం మొదలుపెట్టారు.

ఇంటికి పంపేటప్పుడు రుహీ గట్టిగా చెప్పింది. కింద కూర్చోకూడదు. బాసింపట్టు వేయకూడదు, గొంతుక్కూర్చోకూడదు. కాలిమీద కాలు వేసుకోకూడదు. వంగి కిందిది ఏదీ తీయకూడదు. అలా చేస్తే లోపలి గుండు జారి బయటికొస్తుంది, మళ్ళీ కోయాలి. ఎక్కడికి పోయినా ఎత్తైన కుర్చీ ఒకటి వెంట ఉండాలి. పుట్టినప్పటినుంచి నేలమీద కూర్చుని తిన్న మనిషికి అదొక శిక్ష. అయినా ఒక్కటి కూడా మీరలేదు. చవితి లోపల కాలు పాడైతే దామోదరం గెలుస్తాడు. ఆ ఒక్క మాట చాలు ఆమెకు.

అత్త మా ఇంట్లోనే ఉంది. పొద్దున, సాయంత్రం మా వీధిలో వాకర్ టకటకలాడిస్తూ తిరిగేది. ఈ సంగతి పల్లెకు పాకింది. ఒకరోజు దామోదరం మా ఇంటికి వచ్చాడు. ఈసారి పండ్లు లేవు. అత్త వీధి మలుపునుంచి నడిచి రావడం నిలబడి చూశాడు. చెమటలు తుడుచుకున్నాడు.

"సిన్నమ్మా, మనం మనం ఒకటి. దేముడి కాడికి ఎందుకు? ఇంగ నీ వంతు నీళ్ళు నీకే. నేను కాలవ కాడికే రాను. అమ్మ కూడా అదే అంటాండాది."

"నీళ్ళు నేనడిగినానా?"

"మరేం కావల్ల నీకు?"

"నువ్వు కావల్ల."

వాడు నా వైపు చూశాడు. "రాంచంద్రన్నా, నువ్వైనా సెప్పు. నాకు ఇద్దరు బిడ్డలు." నాకు ఒక్క నిమిషం జాలి కలిగింది. చూద్దాంలే అత్తా అనబోయాను.

"తొడ నీదైతే నువ్వు మాట్లాడు అల్లుడా," అంది అత్త. వాడితో, "తలకి పోసుకోనొచ్చేదానికి తెల్ల పంచ ఉతికి పెట్టుకో. పో," అంది.

చవితికి ముందు ఒక సోమవారం పెద్దలు నిర్ణయించారు. పల్లెనుంచి రెండు జీపుల్లో వచ్చారు. మేము ఒక కారు మాట్లాడుకుని, సీటు మీద రెండు దిండ్లు ఎత్తుగా వేసి అత్తను కూర్చోబెట్టి తీసుకుపోయాం. కాణిపాకంలో వీధి మొదట్లోనే దింపమంది. గుడి వాకిలి దాకా అంగళ్ళ మధ్య నడిచింది. పూల అంగడి వాళ్ళు చూశారు, టెంకాయల వాళ్ళు చూశారు. నేను వెనకాల కుర్చీ పట్టుకుని నడిచాను. అత్త ఒక్కసారి కూడా కూర్చోలేదు.

దామోదరం అప్పటికే తలస్నానం చేసి, తడి పంచతో ధ్వజస్తంభం దగ్గర నిలబడి ఉన్నాడు. అత్తను చూడగానే ఆఖరి ఎత్తు వేశాడు.

"పెద్దాయనా, సొంత కాళ్ళ మీద అనుకున్నాం గదా. అదేంది మరి, ఆ ఇనప బండి?"

చిన్నబ్బ తన చేతికర్ర పైకెత్తి చూపించాడు. "నేనూ ఇది పొడుసుకోనే వచ్చినా. మరి నేను నడిసొచ్చినట్టా, ఎత్తుకోనొచ్చినట్టా?"

వచ్చినవాళ్ళు నవ్వారు.

అత్త వాకర్ వదిలి, ఎడమచేత్తో నా భుజం పట్టుకుంది. కుడి అరచేతిలో తమలపాకు, దాని మీద కర్పూరం. రెండో చేయి నా భుజం మీద ఉంది కాబట్టి అగ్గిపుల్ల నేను గీయబోయాను. వద్దని, భుజం వదిలేసి, నా చేతిలోని పెట్టె మీద తనే గీసింది. ఏ ఆధారమూ లేకుండా నిలబడింది. మంట లేచింది.

"సెప్పు," అంది.

దామోదరం చేయి ముందుకొచ్చింది. "నేను మా సిన్నమ్మని..." అని ఆగాడు. మళ్ళీ మొదలుపెట్టాడు. మళ్ళీ అక్కడే ఆగాడు. తమలపాకు అంచులు నల్లబడి ముడుచుకుంటున్నాయి. అరచేయి కాలుతోందని అందరికీ తెలుస్తోంది. అత్త కదల్లేదు.

"తొయ్యలేదని ఊరంతా సెప్పినావు గదా. ఆ మాటే ఈడ సెప్పు. బిరీన సెప్పు. కర్పూరం అయిపోతాండాది."

వాడి చేయి కిందికి పడిపోయింది. "నేనే తోసినా," అన్నాడు.

"గట్టిగా సెప్పు."

"నేనే తోసినా సిన్నమ్మా." బండల మీద బోర్లా పడ్డాడు.

"కట్టు కట్టినాయన మాట?"

"సెప్పినాడు. నేనే పిలుసుకోని పోల్యా. నువ్వు ఇంగ లెయ్యవనుకున్నా."

అత్త అప్పుడు ఆకు జారవిడిచింది. అరచేతిలో ఎర్రగా బొబ్బ లేచింది. చిన్నబ్బ ముందుకొచ్చి ఆమె భుజం పట్టుకున్నాడు.

"సాలు సిద్ధమ్మా. బిడ్డ కాళ్ళ మీద పడినాడు. ఒప్పుకున్న మాట దేముడి కాడే వదిలేసి పోయేది మన పద్ధతి. ఊర్లోకి తీసకపోము."

"దేముడికి ముందే తెలుసన్నా. ఆయనకి సెప్పేదానికా నేను తొడలో ఇనుము దిగ్గొట్టించుకున్నిది? తెలియనోళ్ళు మనూరోళ్ళు. వాళ్ళకి సెప్పల్ల."

"సెప్పిద్దాం. రచ్చబండ కాడ ఒక మాట..."

"ఒక మాట కాదు. నన్ను ఎత్తుకున్నానని ఏ ఏ ఇంట్లో సెప్పుకున్నాడో ఆ ఆ ఇంట్లో సెప్పల్ల. నేను ముందర నడస్తా. వాడు నా కుర్చీ ఎత్తుకోని ఎనకాల రావల్ల. లేదంటే ఇప్పుడే ఇంగో కర్పూరం ఎలిగిస్తా. తొయ్యలేదని వాడు ప్రమాణం సెయ్యల్ల. ఏది కావల్లో వాణ్ణే కోరుకోమను."

దామోదరం తలెత్తి గర్భగుడి వైపు చూశాడు. లేచి వచ్చి నా పక్కనున్న కుర్చీ తీసుకున్నాడు.

ఆ మధ్యాహ్నం పల్లెలో జరిగింది నేను కళ్ళారా చూశాను. అత్త ముందర, వాకర్ మోపుతూ, పాదం పెడుతూ. వెనకాల వాడు, తడి ఆరని పంచతో, నెత్తిన కుర్చీ. ప్రతి వాకిట్లో కుర్చీ వేసేవాడు. అత్త కూర్చునేది. ఇంటివాళ్ళందరూ బయటికి వచ్చేదాకా ఆగేది. వంటలో ఉన్నాం అంటే, "పొయ్యి ఆర్పేసి రా, తొందర ల్యా," అనేది. అప్పుడు వాడు చెప్పేవాడు. తోసినా, కట్టు కట్టినాయన మాట దాసిపెట్టినా అని. మొదటి ఇళ్ళలో ఏడ్చాడు. తర్వాత ఏడుపు కూడా రాలేదు, పాఠం అప్పజెప్పినట్టు చెప్పాడు. గొణిగితే అత్త మళ్ళీ చెప్పించేది. ఒక పెద్దావిడ, "సాలమ్మే, బిడ్డ సచ్చిపోతాడు," అంది. "నేను పడుకోనుంటే నీ నోట్లోనుంచే గదా వాడు దేముడని వచ్చింది. విను," అంది అత్త.

ఆఖరికి దామోదరం ఇల్లు మిగిలింది. వాడు వాకిలి బయటే ఆగిపోయాడు.

"సిన్నమ్మా, అమ్మకి వొద్దు. నీ కాళ్ళు పట్టుకుంటా. ఆమెకి తెలిస్తే తట్టుకోలేదు."

నేనూ చెవిలో చెప్పాను. "ఊరంతా అయింది గదత్తా. ఆనందమ్మత్తను వదిలెయ్."

"నీ కొడుకు నన్ను తోసినాడక్కా అంటే, గంజి తాగు అనింది ఆమె," అంది అత్త. "కుర్చీ లోపలెయ్యి రా."

ఆనందమ్మ నడవలో నిలబడి ఉంది. ఎవరో ముందే పరుగెత్తి చెప్పి ఉంటారు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. అయినా అత్త ఊరుకోలేదు. వాడు తల్లి ముందు నిలబడి, ఆమె కాళ్ళ వైపు చూస్తూ, అన్ని ఇళ్ళలో చెప్పినట్టే మొత్తం చెప్పాడు. ఆనందమ్మ కొడుకును చూడలేదు. వేరు పడేదాకా తనతో నలభై ఏళ్ళకు పైగా ఒకే పొయ్యి దగ్గర వండిన తోడికోడల్ని చూసింది.

"నీ కడుపు సల్లబడిందా సిద్ధమ్మా?"

అత్త కాసేపు ఆలోచించింది. అబద్ధం చెప్పే అలవాటు ఆమెకు లేదు.

"పడిందక్కా. ఎండలో తిరిగి దప్పికైంది. మజ్జిగుంటే తే."

ఆనందమ్మ లోపలికి పోయి చెంబు తెచ్చి ఇచ్చింది. అత్త కాలిన చేతిని ఒడిలో పెట్టుకుని, ఎడమచేత్తో చెంబెత్తి మొత్తం తాగింది. మూతి తుడుచుకుంది. ఉప్పు తక్కువైందని చెప్పింది. తర్వాత వాకర్ దగ్గరికి లాక్కుని, రుహీ నేర్పినట్టు ముందు మంచి కాలు మోపి, నెమ్మదిగా లేచి నిలబడింది.

"కుర్చీ ఎత్తుకోరా దామోదరా," అంది. "నన్ను ఇంటికాడ దింపి పో."